మోకాలికి జానెడు పైన

హరజుకు స్టేషన్ బయట రోడ్డు దాటితే
కిందికి జారుతూ పోయే సన్నటి వీధి మాది, తకేషితా.
పొద్దున తొమ్మిదింటికి చీపురు చప్పుడు తప్ప ఏమీ ఉండదు.
పన్నెండు కొట్టేసరికి
ఇసుక వేస్తే రాలదంటారే,
ఇక్కడ పంచదార వేసినా రాలదు.

నా పేరు ఫుసాయె.
ముప్పై ఒక్క ఏళ్లుగా ఈ పెనం ముందే నిలబడ్డాను.
గరిటెడు పిండి, కర్ర తెడ్డుతో ఒకే ఒక్క చుట్టు,
నలభై లెక్కపెట్టి తిరగెయ్యాలి.
నలభై ఒకటైతే అంచు మాడుతుంది.
క్రేప్ అని పేరు పెద్దదే గానీ పల్చటి అట్టు.
మీగడ, పండు ముక్కలు, చాక్లెట్ ధార,
కాగితంలో చుట్టి చేతికిస్తే
పూలగుత్తిలా ఎత్తి పట్టుకుని ఫోటో తీసుకుంటారు.
తినడం తర్వాతి సంగతి.

మొహాలు నాకు గుర్తుండవు.
కిటికీలోంచి లోపలికొచ్చేవి చేతులే కదా.
ఒక ఏడు పిన్నీసులు గుచ్చిన చేతులు,
ఒక ఏడు మోచేతుల దాకా చారల తొడుగులు,
ఒక ఏడు గోటికో బుల్లి ఎలుగుబంటి.
ఇవన్నీ ఎక్కడ మొదలవుతాయో!
ఏ మేడ మీదో
టై కట్టుకున్నవాళ్లు తేలుస్తారనుకునేదాన్ని.

చిగుసా చేతుల మీద మాత్రం
టోఫూ కొట్టు నీళ్లకు నానిన ముడతలు.
పదిహేడేళ్లు. చిచిబు కొండల నుంచి
రెండు రైళ్లు మారి ఆదివారం ఆదివారం వస్తుంది.
స్టేషన్ బాత్రూంలో బట్టలు మార్చుకుని
మామూలు చిగుసాని మడతపెట్టి
లాకర్లో పెట్టి తాళం వేస్తుంది.
ఆ గౌను ఎవరో తొడిగి అమ్మేసింది,
ఐదు కుచ్చుల మెట్లు, వాన ముందు ఆకాశం రంగు.
నాలుగు నెలల శనివారాలు పెట్టి కొన్నానంది.
నేను అడగలేదు, తనే చెప్పింది.

జూన్ ముసురు.
గొడుగులు గొడుగులు గుద్దుకుంటున్నాయి.
ఎవరిదో మోచెయ్యి తగిలింది.
నేను చుట్టి ఇచ్చిన స్ట్రాబెర్రీ
ఎడమవైపు, మోకాలికి జానెడు పైన
చప్పుడు లేకుండా అంటుకుంది.
ఏడవలేదు పిల్ల.
గౌనుని రెండు వేళ్లతో దూరంగా పట్టుకుని
అలాగే నిలబడిపోయింది,
పక్కవాళ్ల బిడ్డని ఎత్తుకున్నట్టు.

పెనం వదిలి వచ్చేశాను.
వెనక కుళాయి దగ్గర చన్నీళ్లు, చిటికెడు ఉప్పు.
వేడినీళ్లు వద్దమ్మా, మరక ఉడికి కూర్చుంటుంది.
రుద్దకు, అద్దు.
అద్దాం, అద్దాం,
ఎరుపు గులాబీ అయింది,
గులాబీ దగ్గర ఇక కదలనని మొండికేసింది.
ముందు కొట్లో కుర్రాడు రికుతో పదకొండు అట్లు మాడ్చాడు.
వాటి డబ్బు నా జీతంలోంచే పోయింది, పోనీ.

తర్వాతి ఆదివారం
సరిగ్గా మరక మీద ఒక నల్ల రిబ్బన్.
కుట్టు రాని చేతి కుట్టు, ఒక తోక పొడుగు, ఒకటి పొట్టి.
ఎవరో ఆపి ఫోటో తీసుకున్నారు.
చిగుసా నా వైపు చూసి కనుబొమలు ఎగరేసింది.

జూలైలో ఇద్దరు పిల్లలు అలాగే కట్టుకొచ్చారు.
ఆగస్టులో లెక్క వదిలేశాను.
సెప్టెంబరుకి ఎదురు షాపు అద్దంలో
బొమ్మకి తొడిగారు కొత్త గౌను,
ఎడమవైపు, మోకాలికి జానెడు పైన నల్ల రిబ్బన్,
ఒక తోక పొడుగు, ఒకటి పొట్టి,
తొమ్మిది వేల ఎనిమిది వందల యెన్లు.
చిగుసా అద్దానికి ముక్కు ఆనించి
చాలాసేపు ఆ కుట్టు చూసింది.
"నాకంటే బాగా కుట్టారు" అంది.
తర్వాత నా కిటికీ దగ్గరికొచ్చి
అరటిపండు క్రేప్ అడిగింది.

నిన్న ఒసాకా యాసలో ఒకమ్మాయి,
ఎక్కడెక్కడో అడిగి వచ్చినట్టుంది,
"అత్తా, ఈ రిబ్బన్‌కి అర్థం ఏమిటి?
ప్రేమా? సంతాపమా?" అంది
ముడి మీద చెయ్యి వేసుకుని.
ఏం చెప్పాలా అని ఆలోచిస్తుంటే
నలభై ఒకటి దాటిపోయింది.
అంచు మాడింది.
మాడిన అట్టు నేను తిన్నాను,
ఆ పిల్లకి ఇంకొకటి పోశాను.