లంకమల కోనకు ఐసు మూట

ఐదో తరగతి పుస్తకంలో ఒక మాట కాడ
మా మాబున్ని ఆగిపోయింది.
హిమానీనదం.
వారం పొద్దులు దాన్ని నోట్లో పెట్టుకొని చప్పరించింది.
"మా, మంచు గూడా నడుస్తాదంట,
పొద్దుకు బెత్తెడో జానెడో.
మనమెప్పుడన్నా పోయి చూద్దామా?"

వాళ్ళ నాయన బద్వేలు ఐసు ఫ్యాక్టరీ మనిషి.
పద్నాలుగేండ్ల అమోనియా వాసన,
చొక్కా విడిచినా మనిషిని విడవదు.
కొక్కెంతో దిమ్మెలు లాగీ లాగీ
రోహిణి కార్తెలో గూడా వేళ్ళ కొనలు పాలిపోయుంటాయి.
"మంచు చూసేదానికి రైలెక్కాల్నా?" అని
అన్నం కలుపుకుంటా నవ్వినాడు ఆ రాత్రి.

అట్లాంటోడు ఆదివారం
కోడి కూయకముందే పోయి
ఒక దిమ్మె మూల కొట్టుకొచ్చినాడు.
చుట్టూ రంపంపొట్టు, పైన గోనెపట్టా,
ఆపైన నా బాలింత దుప్పటి.
బిడ్డకు చుట్టినట్టే చుట్టి వీపుకు కట్టుకున్నాడు.
నా నెత్తిన చిత్రాన్నం, ఊరిమిండి డబ్బా.
పెద్దోడు ఇమాముకు నీళ్ళ క్యాను.
మా అత్త దస్తగిరమ్మకు కట్టె, దాని తోడు నోరు.

చెక్‌పోస్టు కాడ గార్డు మూట తడిమినాడు.
"ఎర్రచందనం గాదు సార్, ఐసు."
"కొండకు ఐసు మోస్తారా ఎవురన్నా?"
రిజిస్టరులో మా ఐదు పేర్లు రాసి
ఆరో గీతలో ఐసు అని రాసుకున్నాడు,
నవ్వకుండా.

వంక ఎండిపోయుండాది.
గుండ్లు, గుండ్ల మీద గుండ్లు,
కలివి పొదల్లో నా కొంగు రెండుసార్లు చినిగింది.
ముందు నడుస్తా ఉండే ఆయన వీపు నుంచి
చుక్క, ఇంకో చుక్క,
నా కాలు పడేలోపే రాయి తాగేస్తా ఉంది.
ఆ వంకలో ఆ పొద్దు పారిన నీళ్ళు అవే.

మలుపు మలుపుకూ పిల్ల అడుగుతా ఉంది,
"ఎంతుంది నాయనా?"
దోవ గాదు, ఐసు.
"ఉంది పామ్మా."
ఆ మాట చెప్పేటప్పుడంతా మూటను
ఒకసారి ఎగదోసుకునేవాడు,
బరువు తగ్గేది ఎవురికీ తెలియగూడదని.

నారేప చెట్టు కాడ అత్త కూలబడింది.
"నేనింక రాను. కట్టెలకొచ్చినప్పుడు
ఈడ నడుములోతు వంక. అప్పుడదీ నడుస్తా ఉండె.
ఇప్పుడది కూచునింది, నేనూ కూచుంటా."

పైన గుండంలో పళ్ళెమంత నీళ్ళు,
దాంట్లో ఆకాశం, ఒక తేనెటీగ శవం.
దుప్పటి విప్పినాడు. గోనె విప్పినాడు.
పొట్టు దులిపితే
అరచేతికి సరిపోయే గడ్డ.
తూకం తక్కువైన కోమటి మాదిరి
నా మొగం చూసినాడు.
"మజ్జిగలో వేసుకుందామా?" అన్నాడు ఇమాము.
వాని వీపున ఒకటి పడింది, ఎవురు కొట్టినారో తెలియదు.

పిల్ల దాన్ని వాలుగా ఉండే ఒక బండ మీద పెట్టింది.
పక్కన కలివి ముల్లు గుర్తు పెట్టింది.
బోర్లా పండుకొని, గడ్డం బండకానించి
చూస్తా ఉంది.
చిత్రాన్నానికి చీమలు పట్టినాయి,
ఎవురం పిలవలా.
దాని అడుగున దాని నీళ్ళే చేరినాయి.
ఒక్కసారి,
ఎవురూ ముట్టుకోకుండానే,
జారింది.

పిల్ల అరవలేదు.
ముల్లు తీసి కొత్త చోట పెట్టింది.
ఆయన గూడా పక్కన బోర్లా పండుకున్నాడు,
పద్నాలుగేండ్లలో ఎన్ని వేల దిమ్మెలు ఈడ్చినాడో,
తనంతట తాను కదిలే ఐసును
అప్పుడే చూస్తా ఉన్నట్టు.

దిగేటప్పుడు అత్త అడిగింది, "చూసినారా?"
"బెత్తెడు నడిచింది జేజీ!"
"ఆ మాత్రం నేనూ నడిచినాలేమ్మా,
నీడెంబడి."
చూస్తే నిజమే,
చెట్టుకు ఈ పక్కనుండే మనిషి ఆ పక్కనుండాది.

చెక్‌పోస్టు కాడ గార్డు పేర్లకు టిక్కులు పెట్టి
ఆరో గీత కాడ పెన్ను ఆపినాడు.
ఆయన ఏం మాట్లాడలా.
వెనక్కి తిరిగి వీపు చూపించినాడు.
చొక్కా ఎప్పుడో ఆరిపోయి
ఉప్పు చారలు, తెల్లగా.