నలభై ఏళ్లకి గడి లేదు

రొసామెల్ బర్రీయా గారికి,
అని రాసి ఆగాను.
వల్దీవియాలో పొద్దుటి నుంచీ వాన.
చేపల బజారు గట్టున సీ లయన్లు
పింఛను ఆగిపోయిన ముసలాళ్లలా అరుస్తున్నాయి.

మీ కుర్చీ మాకు రాదు.
ఈ ఒక్క ముక్కని విశ్వవిద్యాలయం భాషలో
రెండు పేజీలకి సాగదియ్యాలి నేను.

ఆరు వందల కుర్చీలు, మూడు హాళ్లకి.
ధరకి డెబ్బై మార్కులు,
గడువుకి ఇరవై,
భూగోళానికి పది.
ఆ పదిలోనూ అయిదు ధ్రువపత్రానికి.
అది తెచ్చుకోవాలంటే మీరు
రంపపు షెడ్డు అమ్ముకోవాలి.
వాళ్లకి ఉంది. నిగనిగలాడే కాగితం,
మూలన ఆకుపచ్చ ఆకు.
ఆ ఆకు ఏ చెట్టుదో నాకిప్పటికీ తెలీదు.

వాళ్ల కుర్చీ సముద్రం దాటి వస్తుంది,
ఒక్కోటీ ప్లాస్టిక్ పొత్తిళ్లలో.
మూడో ఏట నడుము విరుగుతుంది.

ఎన్నేళ్లు మన్నుతుందని అడిగితే మీరు
ముందు మీ కొడుకు వయసు చెప్పారు,
తర్వాత మీ వయసు,
చివరికి "నలభై అని రాసుకోండమ్మా" అన్నారు,
తగ్గించి చెప్పినందుకు నొచ్చుకుంటూ.
నేను రాసుకోలేదు.
నలభై ఏళ్లకి నా పట్టికలో గడి లేదు.
హామీ అని ఒకటుంది,
అందులో అయిదు దాటిన అంకె పట్టదు.

ఆ రోజే మీరు నా కుర్చీని బోర్లా తిప్పి
కాలిని గోటితో గీకి వాసన చూశారు.
"అలెర్సే" అన్నారు,
దేవుడి పేరు పలికినట్టు కాదు,
నేరం ఒప్పుకున్నట్టు.
వేల ఏళ్లు నిలబడ్డ చెట్టు. ఇప్పుడు కొడితే జైలు.
మా నాన్న కొట్టాడు, అన్నారు.
వానకి కుళ్లని కర్ర కదా అని
పైకప్పులకి, కుర్చీలకి, ఆఖరికి కోళ్ల గూళ్లకి.
అప్పటి నుంచీ నేను అంచునే కూర్చుంటున్నాను.

నిన్న విద్యార్థులు నా గుమ్మం ముందు బైఠాయించారు.
భూమిని కొని పారెయ్యకండి, అని ఒక అట్ట.
ఫీజు పెంచకండి, అని ఇంకో అట్ట.
రెండూ న్యాయమే.
రెండూ పట్టుకున్నది ఒకే పిల్ల, చెరో చేత్తో.
గొడుగు పట్టడానికి చెయ్యి మిగల్లేదు.
లోపలికి పిలిచి తువ్వాలు ఇచ్చాను.
అదీ తక్కువ ధర టెండరుదే,
నీళ్లు పీల్చదు.

కింద నేలమాళిగలో
రెండు వందల పన్నెండు విరిగిన కుర్చీలు.
పారెయ్యడానికీ టెండరు పిలవాలి మరి.
ఆబెలార్దో మధ్యాహ్నం రొట్టె తిన్నాక
వాటి స్క్రూలు ఒక్కోటే ఊడదీసి
పాలపొడి డబ్బాలో వేస్తాడు.
ఎందుకని ఎవరూ అడగలేదు.
నేనూ అడగలేదు, ఏడేళ్లుగా.

రాత్రి నిబంధనల పుస్తకం మళ్లీ తిరగేశాను.
కొత్తవి కొనడానికి నూట నలభై పేజీలు.
బాగుచేయించడానికి ఒక్క పేరా.
మరీ చిన్నది కాబట్టి
దానికి కంచె వెయ్యడం ఎవరో మర్చిపోయారు.
మొత్తం చిన్నదైతే నా సంతకం చాలు.
ఆ పద్దులో మిగిలింది లెక్కేశాను,
ఇరవై మూడు కుర్చీలకి.
ఆరు వందలెక్కడ, ఇరవై మూడెక్కడ.

"అందువల్ల చింతిస్తున్నాము" అని ముగించి
అడుగున పెన్నుతో రాశాను:
ఉలి తెచ్చుకోండి,
స్క్రూలు మా దగ్గరున్నాయి.
వాన తగ్గాక రండి.

ఆ చివరి వాక్యం కొట్టేశాను.
ఇక్కడ వాన తగ్గదు.
తడుస్తూనే రండి.