నాలుగుకీ ఐదుకీ మధ్య

టాంపెరేలో నవంబరు.
మధ్యాహ్నం మూడున్నరకే వీధి దీపాలు.
హీటరు పక్కన బల్ల మీద
తువోవి హకులినెన్ పెట్టె పెట్టింది.
రెండు రోజుల కిందట మేమిచ్చిందే:
అద్దంలాంటి ప్లాస్టిక్కు,
లోపల ఇరవై చాక్లెట్లు.

వెళ్ళిన చోటికల్లా వెంట తీసుకెళ్ళాలి.
తినకూడదు.
తినాలనిపిస్తే అనిపించనివ్వాలి, అంతే.

లెక్కపెట్టడం నా ఉద్యోగం.
పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై.
ఒకదాని కాగితం మాత్రం
నలిగి నలిగి వెండిరంగు పోయింది.

"అది నా జేబులో తిరిగింది," అంది.
"లాండ్రీలో ఆసుపత్రి దుప్పట్ల వేడికి కరిగింది.
బస్టాపులో మళ్ళీ గడ్డకట్టింది."

ఇక ప్రశ్నలు. ఒకటి నుంచి ఏడు దాకా.
"తినాలన్న కోరికను తరిమేయకుండా
దానితో ఉండగలను."
పెన్ను నాలుగు మీద ఆగింది,
ఐదు వైపు జరిగింది,
రెండిటి మధ్య తెల్లకాగితాన్ని
గుండ్రంగా చుట్టింది.

అక్కడ అంకె లేదండీ, అన్నాను.
"తెలుసు. నేనున్నది అక్కడే."

ఆమె ఇంటి కింద బేకరీ.
తెల్లారి నాలుగింటికి యాలకుల వాసన
మెట్లెక్కి, తలుపు తట్టకుండా లోపలికొస్తుంది.
ఇరవయ్యేళ్ళు నోరు కట్టుకుంది.
నోరు కట్టుకుంటే ముక్కు ఊరుకుంటుందా?
కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కింది,
చన్నీళ్ళు పోసుకుంది, తనను తానే తిట్టుకుంది,
ఆ తర్వాత కిందికి దిగి
మూడు బన్నులు, కోటు గుండీలు కూడా పెట్టుకోకుండా,
గుమ్మంలోనే.

"నిన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాను.
వాసనా కూర్చుంది.
ఐదున్నరకి అదే లేచి వెళ్ళిపోయింది.
మొన్న వెళ్ళలేదు.
మొన్న నేనే వెళ్ళాను, కిందికి."

తూకం యంత్రం ఆమెను
నూటమూడు పాయింట్ నాలుగు అంది.
దానికి చుక్క తరవాత కూడా అంకెలొచ్చు.
నేను పట్టికలో నాలుగున్నర కొట్టాను.
గడి ఎర్రబడింది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ ఎరుపు.
ఒప్పుకోలును కొలిచే పట్టిక
అరను ఒప్పుకోలేదు.

నాలుగు వేశాను.
తప్పు చేసినట్టే ఉంది, ఐదు వేసినా ఉండేది.

ఆమె వెళ్ళింది, మెట్ల మీద బూట్ల చప్పుడు,
పెట్టె ఇక్కడే.
రంగు పోయిన ఆ ఒక్కటి
అన్నిటికన్నా పైన.

ఆరింటిదాకా నా డ్యూటీ.
నోరూరుతోంది.
నన్నెవరూ ఏమీ అడగరు.