క్యారేజీ

చీమకుర్తిలో మధ్యాన్నం సైరను మోగితే
మేం గిన్నెల మీద మూతలు పెడతాం.
గోడ గడియారం ఒకసారి వణుకుతుంది,
దుమ్మొచ్చి పెరుగు మీద కూర్చుంటుంది.
మోక్షిత్ మాత్రం తలెత్తడు.
వాడి చెవుల్లో అంతకంటే పెద్ద పేలుళ్లు.

నేనే ఇచ్చా ఫోను. దాపరికమేముంది.
రెండేళ్లప్పుడు ముద్దకో బొమ్మ,
నాలుగేళ్లకి ముద్దకో కారు,
ఏడో ఏడు వచ్చేసరికి
ముద్దకో మనిషి.
"ఏసేశా!" అని అరిచినప్పుడల్లా నోరు తెరిచేవాడు,
ఆ సందులో పప్పన్నం కుక్కేదాన్ని.
ఎన్ని ముద్దలు పోయాయనేదే నా లెక్క.
ఎంతమంది పడ్డారో నేను లెక్కపెట్టలా.

మాలకొండయ్య మా పక్కింటాయన. క్వారీలో డ్రిల్లరు.
పోయిన మంగళవారం రాయి జారింది.
నల్లరాయి, లోపల వెండి చుక్కలు,
ఏ దేశంలోనో ఎవరి వంటింట్లోనో పరుచుకునే రాయి.
సాయంత్రానికి పంచలో పడుకోబెట్టి
తలకాడ దీపం పెట్టారు.
కాళ్లకాడ ఎవరో తెచ్చి పడేసిన
పసుపుపచ్చ హెల్మెట్టు, క్యారేజీ.

రవణమ్మ ఏడుపు వీధి చివరిదాకా వినపడతా ఉంది.
మావాడు జనం కాళ్ల సందుల్లో దూరి
హెల్మెట్టు తీసి నెత్తిన పెట్టుకున్నాడు.
క్యారేజీ గొళ్లెం ఊడదీసి
ఒక్కో గిన్నే ఎత్తి చూశాడు.
అన్నం, గోంగూర, కొయ్యని ఉల్లిపాయ.
"తుపాకీ లేదమ్మా" అన్నాడు
అందరికీ వినపడేట్టు.

రెక్క పట్టి ఈడ్చుకొచ్చి
దొడ్లో వీపు మీద రెండేశా.
"పడిపోయినోడి సామాను మనం తీసుకోవాలమ్మా,
లేకుంటే ఇంకోడు తీసుకుంటాడు"
అన్నాడు వెక్కిళ్ల మధ్య,
చేతగానిదానికి ఆట నేర్పుతున్నట్టు.

చీకటి పడ్డాక సూపర్‌వైజరు బండి మీద వచ్చాడు.
చెప్పులు బయటే విడిచాడు, మర్యాదస్తుడు.
దీపానికి దండం పెట్టి,
రవణమ్మని గేటు పాసు, హాజరు కార్డు అడిగి
జేబులో వేసుకొని పోయాడు.
చిన్నప్పుడు ఆయనకి వాళ్లమ్మ
ఏం చూపించి అన్నం పెట్టిందో.

ఫోను బియ్యం డ్రమ్ములో దాచా.
రెండు పూటలు పళ్లెం విసిరికొట్టాడు,
మూడో పూట గోడ వంక తిరిగి కూర్చున్నాడు.

ఇయ్యాళ సైరను మోగింది.
గిన్నెల మీద మూతలు పెడతా ఉండా,
మోక్షిత్ తలెత్తాడు.
గడియారం వణకడం మొదటిసారి చూసినట్టు చూసి,
"నాయన కూడా ఆడే ఉండాడా?" అన్నాడు.

ముద్ద నా చేతిలోనే ఉంది.
వాడు నోరు తెరవలా.
నేనూ తెరవమనలా.