రేపు సాయంత్రం దాకా

డాబాగార్డెన్స్‌లో మేడమెట్ల కింది షాపు.
ఖాదర్ వలీ గారు పాత టవల్లోంచి తీసి
నా అరచేతిలో పెట్టారు.
"పది నుంచి ఇరవై. రేపు ఏడింటికి షట్టర్ దించేస్తాను.
నచ్చితే డబ్బు తెస్తావు, నచ్చకపోతే దీన్ని."

ముందు బరువు చూశాను.
రెండు సపోటాలు, అంతే.
నా పాత లెన్సు రోలైతే ఇది రోకటి పొన్ను.
నొక్కి తిప్పితే
తాబేలు తల బయటపెట్టినట్టు అంగుళం సాగుతుంది.
మూసేస్తే చొక్కా జేబు.

తెల్లారి ఐదున్నరకి ఫిషింగ్ హార్బర్.
ఏ అద్దాన్నైనా సూర్యుడికి ఎదురుపెట్టి చూడాలి,
మనిషిని అప్పులవాడికి ఎదురుపెట్టి చూసినట్టు.
ఇది ఒక్క ఆకుపచ్చ చుక్క రాల్చింది,
మిగతాదంతా నిబ్బరమే.
జెట్టీ గోడలో ఇటుకల వరసలు కొంచెం ఉబ్బాయి.
సముద్రపు గీతని పై అంచుకి తోస్తే
అరటికాయలా వంగింది.
మధ్యలో వల కళ్ళు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు,
మూలల్లో మాత్రం
తడిచేత్తో తుడిచిన పలక.
రంధ్రాన్ని ఎనిమిదికి బిగిస్తే
పడవల పేర్లు మళ్ళీ పైకి తేలాయి.

ఇక డాల్ఫిన్ నోస్.
ఇన్నేళ్ళూ ఊరికి ముక్కై నిలబడ్డ కొండ
ఇందులో జీలకర్ర గింజ.
దూరాన్ని ఇది లెక్కచెయ్యదు.
దీనికి కావలసింది దగ్గర. ఇంకా దగ్గర.
కరుగుతున్న ఐసు మీంచి జారుకుంటూ వెళ్ళి
వంజరం తూస్తున్న గరికిన దేముడమ్మ
మోకాళ్ళ ముందు కూలబడ్డాను.
"ఏటి బాబూ, సేప కొంటావా, సేపలో దూరతావా?"

తీసింది చూపించాను.
అంచున పడ్డ వంజరం తోక దగ్గర సాగిసాగి
తెప్పంత అయింది.
ఆవిడ కళ్ళు చికిలించి చూసి
"ఓలమ్మ! నా సేపకి కేజీ పెంచీసింది.
ఆ బుడ్డి నాకిచ్చీ, ఈ కాటా నువ్వట్టుకుపో!"
నవ్వినవాళ్ళంతా ఒక్క ఫ్రేములో పట్టారు,
ఎవర్నీ జరగమనలేదు.
ఇది గుణాల్లో రాసుకోవాలి.

అబద్ధమెందుకు, నాకిది చేపల కోసం కాదు.
మధురవాడలో గొర్లె సత్తిబాబు కట్టే ఫ్లాట్లకి
గదికి మూడొందల చొప్పున ఫోటోలు తీస్తాను.
పదడుగుల గది అతనికి పెళ్ళిహాలై కనపడాలి.
మొన్న, పాత లెన్సుతో తీసినవే చూసి,
శ్రీకాకుళం నుంచి బస్సెక్కి వచ్చినాయన
గుమ్మంలోనే ఆగిపోయి
"మిగతా గది ఎక్కడండీ?" అన్నాడు.
సత్తిబాబు కిటికీ చూపించాడు.
నేను లెన్సు మూత వెతుక్కున్నాను.

మధ్యాహ్నం ఇంటికి. కంచరపాలెం. ఒకటే గది.
మంచానికీ బీరువాకీ సందున వీపు గోడకానించి
పది దగ్గర పెట్టి నొక్కాను.
మూడు గోడలూ, బియ్యం డబ్బా, ఆరేసిన యూనిఫాం,
ఫ్యాను, గచ్చు మీద మాడిన మరక,
అన్నీ వచ్చేశాయి, మధ్యలో ఇంకా చోటు మిగిలింది.
భూలక్ష్మి తొంగిచూసి
"ఎవరిల్లండీ? బావుంది" అంది.
కాసేపటికి దండెం మీద తన చీర గుర్తుపట్టింది.
ఏమీ అనలేదు,
అన్నం వార్చడానికి వెళ్ళిపోయింది.

సత్తిబాబు పనికి సరిగ్గా సరిపోతుంది.

కానీ ఎడమ మూలకి జరిపి, పెద్దది చేసి చూశాను,
అద్దం బలహీనంగా ఉండే చోట.
మునివేళ్ళ మీద లేచి నిలబడి ఉంది పాప.
రోజూ ఎగురుతుంది, లైటు స్విచ్చికి
ఇంకా జానెడు తక్కువే.
ఇక్కడ చెయ్యి సాగింది, వేళ్ళు మెత్తగా చెదిరాయి,
చూపుడువేలు స్విచ్చి మీద ఉంది.

ఏడుకి పది నిమిషాలు.
షాపు మెట్ల మీద కూర్చుని చీటీ వెనక రాస్తున్నాను.
మధ్య పదును, సరే. ఎదురెండ, సరే.
బరువు సంగతి చెప్పక్కర్లేదు.
మూలలు
అని రాసి
పెన్ను మూత పెట్టకుండా అలాగే ఉండిపోయాను.
లోపల షట్టరు సగం దిగిన చప్పుడు.