ఇంటి వాడకం

మా ముత్తాత పొట్నూరు కూర్మయ్య
చిఠ్ఠా పుస్తకం నా ఒళ్లో ఉంది.
చెదలు తినగా మిగిలింది.
ముక్కు దగ్గర పెడితే రేవుగాలి, ఉప్పు.

సాలూరు ఘాటీ దిగిన బళ్లు ఎనిమిది.
కాపీగింజ మూడువందల మణుగులు.
కళింగపట్నంలో పడవకూలి రెండు రూపాయలు.
ఆ కిందనే, అదే సిరాతో,
"ఆడపిల్ల పుట్టినది.
మంత్రసానికి కుంచెడు బియ్యం, పాత చీర."

ఇంట్లో ఎవరూ ఆ నీళ్లు ముట్టలేదట.
దొరల కషాయమని తాతమ్మ వరాలమ్మ
గోనెల్ని నడవ దాటనిచ్చేది కాదు.
ఆ పద్దులో పుట్టిన పిల్ల మాత్రం
గింజల రాశి మీద పొర్లేది,
పరికిణీ కుచ్చిళ్లలో నాలుగు దాచుకొచ్చేది.
"ఏటే గుంటా, ఒళ్లంతా కొండ కంపు!"
అని కుంకుడురసం పోసి రుద్దేవారట.
మా నాయనమ్మ ఇది చెబుతూ
తన చేతులే వాసన చూసుకునేది.

తర్వాతి పుటలో తుఫాను.
"పడవ తిరగబడినది. పన్నెండు బస్తాలు తడిసినవి.
సరంగు పెళ్లానికి అయిదు రూపాయలు."

ఆ తర్వాతి పుటలో అంకెల్లేవు.
"మరిడి" అని ఒక్క మాట,
కింద అడ్డంగా గీత.
దమ్మిడీ కూడా వదలని మనిషి
ఆ రోజు కాటికాపరికి ఎంతిచ్చాడో రాయలేదు.

నెలన్నర దాకా కాగితం తెల్లగా ఉంది.
పిమ్మట, చెయ్యి వణికిన అక్షరాలతో,
"ఇంటి వాడకం. కాపీగింజ, అరవీశె."

మూకుడు పెట్టి వేయించింది వరాలమ్మేనట.
ఆ పూట ఇల్లంతా కొండ కంపు.

తాగారో లేదో చిఠ్ఠా చెప్పదు.
ఖరీదు గడి ఖాళీ.