పొద్దు లేని నెలలో గుర్రం

ట్రోమ్సోలో నవంబరు చివర
సూర్యుడు వెళ్ళిపోయాక
సున్నీవా పాతసామాన్ల అంగడి నుంచి తెచ్చిన
అరచేతి గుర్రాన్ని సబ్బునీళ్ళలో కడిగింది.

ఫ్యాక్టరీవాడు చాక్లెట్ రంగు పులిమేశాడు.
ఫ్యోర్డ్ గుర్రానిది ఎండుగడ్డి ఒళ్ళు కదా,
జూలు నడుమ నల్లగీత ఉండొద్దూ, అని
గొణుక్కుంటూ గీకేసింది.
వంగిన కాలు వేణ్ణీళ్ళకి మెత్తబడి నిటారైంది.
చెవి మీద ఎవరివో పాలపళ్ళ గాట్లు:
పుట్టీ డబ్బా తెరిచి
మళ్ళీ మూత పెట్టేసింది.

దీపం కింద ప్రతి గోధుమరంగూ అబద్ధమాడుతుంది.
బూడిద పూతతోనే గుర్రం కిటికీలో నిలబడింది,
పక్కన ఆవు, సగం నక్క.

జనవరిలో ఒక మధ్యాహ్నం
కొండ భుజమ్మీద నాలుగు నిమిషాల వెలుగు.
కుంచె తడుపుకుని పరిగెత్తుకొచ్చింది.

వెతుకుతున్న రంగు
తన మణికట్టు నూగు మీదే ఉంది.